బీరువా నన్ను తోసిన రోజు

బీరువాను రెండడుగులు పక్కకు జరపాలి. అంతే పని. కిటికీకి అడ్డంగా ఉందని మా ఆవిడ ఆర్నెల్లుగా పోరుతోంది. ఆదివారం పొద్దున్నే ఊపొచ్చి, సాక్సుల కాళ్లతోనే వెళ్లి, రెండు చేతులూ ఆనించి గట్టిగా తోశాను. బీరువా కదల్లేదు. నా కాళ్లు కదిలాయి, వెనక్కి. నున్నటి టైల్స్ మీద సర్రున జారి, బీరువాకు సాష్టాంగపడ్డాను.

"నువ్వెంత బలంతో తోస్తే అదీ నిన్ను అంతే బలంతో తోస్తుంది నాన్నా. న్యూటన్ మూడో సూత్రం" అంది పదో తరగతి చదివే మా అమ్మాయి, లేపడానికి చెయ్యి కూడా ఇవ్వకుండా.

"మరి అది పడలేదేం?"

"దాని కింద ఘర్షణ ఉంది. నీ కింద సాక్సులున్నాయి."

1687లో అచ్చయిన సూత్రం, మా ఇంటిదాకా వచ్చి నా పరువు తీసింది.

సాక్సులు విప్పి మళ్లీ మొదలుపెట్టాను. ఈ స్థైతిక ఘర్షణ ఉందే, అదే కదలని వస్తువును కదలనివ్వకుండా పట్టి ఉంచే ఘర్షణ, మహా గడుసుది. 100 న్యూటన్ల బలం పెడితే తనూ 100, 200 పెడితే తనూ 200. సరిగ్గా మనమెంత పెడితే అంతే పెట్టి ఏమీ ఎరగనట్టు కూర్చుంటుంది. దానికీ ఓ హద్దుంటుంది. అది దాటి వస్తువు కదిలిందా, ఆ తర్వాత ఉండే జారుడు ఘర్షణ అంతకంటే తక్కువ. ఈ రెండో ముక్క అమ్మాయి నాకు తర్వాత చెప్పింది.

"ఉండండి, నేనూ ఓ చెయ్యి వేస్తాను" అంటూ మా ఆవిడ వచ్చింది. ఒకటి, రెండు... మూడు అనేలోపే హద్దు దాటింది. బీరువా జారింది. మరీ వేగంగా ఏం కాదు, సెకనుకు అర మీటరు ఉంటుందేమో. కానీ 100 కిలోల బరువాయె! దాని ద్రవ్యవేగం, అంటే ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేది, గంటకు 180 కిలోమీటర్ల వేగంతో వచ్చే కిలో రాయి ద్రవ్యవేగంతో సమానం. పోయి పోయి మంచం కోడుకు గుద్దుకుని ఆగింది. వెనకాలే ఆగలేక నేను వెళ్లి దానికి నుదురు కొట్టుకున్నాను.

బీరువా ఆగిన సంగతి పైనున్న పాత సూట్‌కేసుకు ఎవరూ చెప్పలేదు. జడత్వం కదా, అది తన దారిన తను ముందుకెళ్లి మంచం మీద పడి, నోరు తెరిచింది. పాత కాగితాలన్నీ పరుచుకున్నాయి.

నేను నుదురు రుద్దుకునేలోపే మా అమ్మాయి అందులోంచి ఒకటి తీసింది. నా పదో తరగతి మార్కుల జాబితా.

"అమ్మా, నాన్నకు ఫిజిక్స్‌లో 36!"