రాజీ ఎవరి కోసం?

దెబ్బలు తిన్న పిల్లవాడినీ, కొట్టినవాడినీ హెడ్మాస్టర్ గదిలో ఎదురెదురుగా నిలబెట్టి, ‘షేక్‌హ్యాండ్ ఇచ్చుకోండి’ అనిపించి క్లాసుకు పంపేస్తే గొడవ తీరినట్టేనా? శిక్షకు బదులు సయోధ్య అనే మంచి ఆలోచన మన బడుల్లో ఈ తంతుగా మారిపోతుండటం ఆందోళనకరం.

సయోధ్య పద్ధతితో మాకు పేచీ లేదు. తప్పు చేసిన పిల్లలు, బాధితులు, కుటుంబాలు కలిసి కూర్చునే ఏర్పాటును న్యూజిలాండ్ 1989లోనే చట్టంలో పెట్టింది. 1994లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ దాన్ని బడిలోకి తెచ్చింది. అందులో తప్పు చేసినవారు ముందు ఒప్పుకోవాలి. బాధితులు ఇష్టపడితేనే ఎదురుగా కూర్చోవాలి. జరిగిన నష్టాన్ని ఎలా పూడుస్తారో తేల్చాలి, మాట నిలబెట్టుకున్నారో లేదో తర్వాత కూడా చూడాలి.

మన దగ్గర వీటిలో ఏది జరుగుతోంది? బాధితుడి తల్లిదండ్రులను కూలి మానుకుని రమ్మంటారు. ‘పిల్లల భవిష్యత్తు’ అంటూ నచ్చజెప్పి కాగితం మీద సంతకం పెట్టించుకుంటారు. బాధితుడిని మాత్రం ఎవరూ అడగరు. మర్నాడు అదే బెంచీలో, కొట్టినవాడి పక్కనే కూర్చోవాల్సింది ఆ పిల్లవాడే.

ప్రతి గొడవకూ పోలీసులెందుకు, టీసీ చేతిలో పెడితే పిల్లవాడేమైపోతాడు అని ఉపాధ్యాయులు అడగొచ్చు. నిజమే. విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ ఎలిమెంటరీ విద్య పూర్తయ్యేదాకా బడి నుంచి తీసేయకూడదంటోంది, 17వ సెక్షన్ కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధిస్తోంది. కానీ బాధితుడి నోరు మూయించమని ఏ సెక్షనూ చెప్పలేదు.

ఈ అలవాటు ఎక్కడిదాకా పోతుందో రాజస్థాన్ చూపించింది. విద్యార్థినిని లైంగికంగా వేధించాడన్న కేసులో ఉపాధ్యాయుడికీ, అమ్మాయి తండ్రికీ రాజీ కుదిరిందని హైకోర్టు ఎఫ్ఐఆర్‌నే కొట్టేసింది. అది ఇద్దరి మధ్య సొంత వ్యవహారం కాదంటూ 2024 నవంబర్ 7న సుప్రీంకోర్టు ఆ తీర్పును రద్దు చేసింది. రాజీ పడింది తండ్రి. గాయపడింది కూతురు.

లైంగిక వేధింపు సంగతి చెవిన పడితే పోలీసులకు చెప్పి తీరాలని పోక్సో చట్టం 19వ సెక్షన్ శాసిస్తోంది. తన కింద పనిచేసేవారి నేరాన్ని దాచిపెడితే 21వ సెక్షన్ కింద సంస్థ అధిపతికి ఏడాది దాకా జైలు. అక్కడ సయోధ్యకు చోటే లేదు. మిగతా గొడవల్లో పిల్లవాడు ‘నాకు ఇష్టం లేదు’ అంటే అక్కడితో ఆగాలి. ఆ ఒక్క మాట వినే ఓపిక లేని హెడ్మాస్టర్లు, బడి పేరు కాపాడుకోవడానికి పిల్లల చేత క్షమాపణలు చెప్పించే పని ఇకనైనా మానుకోవాలి.