చైనా–ఆఫ్రికా: అంకె ఎక్కడ పుట్టిందో ముందు అడగాలి

ఆఫ్రికాలో చైనా 60 లక్షల హెక్టార్ల సాగుభూమి చేజిక్కించుకుందన్న మాట ఏళ్ల తరబడి పత్రికల్లో తిరిగింది. పరిశోధకురాలు డెబొరా బ్రౌటిగమ్ ఒక్కో ఒప్పందాన్నీ పట్టుకుని ఆరా తీసి 2015లో లెక్క తేలిస్తే, నిజంగా చేతులు మారింది 2.4 లక్షల హెక్టార్ల లోపే. నూటికి నాలుగు వంతులన్నమాట. తప్పు ఎక్కడ జరుగుతుందంటే, అవగాహన ఒప్పందం మీద సంతకం పడిన రోజే ఆ విస్తీర్ణం జాబితాకెక్కుతుంది. ఆ పథకం అటకెక్కాక దాన్ని తీసేసే నాథుడుండడు.

అప్పుల విషయంలో గందరగోళం ఇంకా ఎక్కువ. 2000–2023 మధ్య 49 ఆఫ్రికా ప్రభుత్వాలకూ, ఏడు ప్రాంతీయ సంస్థలకూ చైనా 1,306 రుణాల కింద సుమారు 18,228 కోట్ల డాలర్లు ఇస్తామని ఒప్పుకుందని బోస్టన్ యూనివర్సిటీ లెక్క. ఒప్పుకున్నది వేరు, విడుదలైంది వేరు, తీర్చగా మిగిలిన బాకీ వేరు. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టి ‘అప్పుల ఊబి’ అని రాసేస్తున్నారు. అంగోలానే చూడండి. 2004లో చైనా ప్రభుత్వ బ్యాంకైన ఎగ్జిమ్ బ్యాంకు 200 కోట్ల డాలర్ల రుణానికి చమురును హామీగా తీసుకుంది. అందులో సొమ్ము అంగోలా ఖజానాకు రాలేదు, పని చేసిన చైనా కాంట్రాక్టరుకే బ్యాంకు నేరుగా చెల్లించింది. ఆ కాంట్రాక్టు విలువను మళ్లీ ‘చైనా పెట్టుబడి’ కింద కలిపితే ఒకే డబ్బును రెండుసార్లు లెక్కేసినట్టే. పెట్టుబడి అంటే వాటా ఉండాలి. కాంట్రాక్టరు రోడ్డు వేసి, బిల్లు తీసుకుని వెళ్లిపోతాడు.

మనుషుల లెక్కా అంతే. దక్షిణ చైనాలోని వ్యాపార నగరం గ్వాంగ్‌జౌలో లక్షకు పైగా ఆఫ్రికన్లున్నారని అప్పట్లో అంటుండగా, 2014లో అక్కడి పోలీసులు చెప్పింది సుమారు 16,000. స్వల్పకాలిక వీసా మీద ఏడాదికి నాలుగుసార్లు వచ్చిపోయే వ్యాపారి సరిహద్దు రికార్డులో నాలుగుసార్లు పడతాడు, నివాసుల లెక్కలో ఒక్కసారీ పడడు. చరిత్రను తీర్చిదిద్దేది మాత్రం ఇలాంటివాళ్లే. ఆఫ్రికా వ్యాపారులు ఎక్కువగా తిరిగే గ్వాంగ్‌జౌ పేట షియావోబేయి దుకాణాల్లో భాష కలవకపోతే బేరమంతా కాల్క్యులేటరు మీదే. దుకాణదారు 45 నొక్కి చూపిస్తే, కొనేవాడు చెరిపి 30 కొడతాడు. కాసేపటికి ఇద్దరి వేళ్లూ ఒకే మీటల మీద ఆడుతుంటాయి. ఇది సాంస్కృతిక సంబంధం కాకపోతే మరేమిటి?

కొన్న సరుకు చాలాసార్లు పదిమంది మూటలతో కలిసి ఒకే 40 అడుగుల కంటైనర్లో, కార్గో ఏజెంటు పేరు మీద ఓడెక్కుతుంది. కస్టమ్స్ కాగితాల్లో వ్యాపారి పేరే ఉండదు. కాబట్టి ఈ వ్యాపారుల అసలు లెక్క తేలాలంటే సర్వే చేయాల్సింది కార్గో గోదాముల్లో, మూటలు తూచే కాటా దగ్గర, ఇగ్బో (నైజీరియా భాష), ఫ్రెంచి, కాంటనీస్ (గ్వాంగ్‌జౌ ప్రాంతపు చైనా భాష) వచ్చినవాళ్లతో.