“మనోళ్ళకి లైను తెలీదు” అనే మెసేజీకి జవాబు

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాఖిమిడి వైపు తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజీ చేతులు మారుతోంది. రేషను షాపు కిటికీ మీద జనం పడిపోతున్న ఫొటో, కింద అయిదు ముక్కలు. క్యూ కట్టడం మన రక్తంలోనే లేదట. విదేశాల్లో మధ్యలో ఎవడూ దూరడట, దూరితే ఊరుకోరట. ఓపిక, సంస్కారం లేకే మనవాళ్ళు కిటికీ మీద పడతారట. కౌంటర్లు పెంచితే గొడవే ఉండదట. అదీ కుదరకపోతే లాఠీయేనట. ఒక్కొక్కటీ చూద్దాం.

రక్తం సంగతి ముందు తేల్చేద్దాం. 2025 ఖరీఫులో యూరియా కొరత వచ్చినప్పుడు ఆంధ్ర, తెలంగాణ సొసైటీల ముందు రైతులు చెప్పులు, పట్టాదారు పాసు పుస్తకాలు వరసగా పెట్టి నీడకు వెళ్ళి కూర్చున్న ఫొటోలు అందరూ చూశారు. మనిషి లేకపోయినా వాడి చెప్పుకి వరస ఉందని ఒప్పుకునే జనానికి లైను తెలీదంటే ఎలా? ఖాళీ చెప్పును పక్కకు తన్ని ముందుకెళ్ళి చూడండి, నలుగురూ ఎలా మీద పడతారో. ఇక 1837లో బ్రిటిష్ రచయిత థామస్ కార్లైల్ ఫ్రెంచి విప్లవం గురించి రాస్తూ, రొట్టె దుకాణాల ముందు వరస కట్టడం పారిస్ జనానికే పట్టుబడిన విద్య అన్నట్టు రాశాడు. క్యూ అనగానే ఈరోజు అందరూ చూపించే బ్రిటన్‌కి అప్పట్లో అదొక పరాయి వింత. బీజింగ్‌లో 2008 ఒలింపిక్స్‌కి ముందు, 2007 ఫిబ్రవరి నుంచి ప్రతి నెలా 11వ తేదీని క్యూ దినంగా పాటించారు. 11 అంటే ఒకరి వెనక ఒకరు నిలబడ్డట్టు ఉంటుందని ఆ తేదీ ఎంచుకున్నారు. రక్తంలో ఉండే సరుకైతే నెలకోసారి నేర్పక్కర్లేదు.

ఓపిక సంగతికి రైల్వే రిజర్వేషను కౌంటరు మంచి ఉదాహరణ. తత్కాల్ ఏసీ తరగతులకు పొద్దున 10 గంటలకు, స్లీపరుకు 11 గంటలకు మొదలవుతుంది. ఒక టికెట్టు మీద నలుగురి దాకా ఎక్కించొచ్చు. పేర్లు, వయసులు కొట్టి, డబ్బు తీసుకుని, చిల్లర ఇచ్చేసరికి ఫారానికి రెండు మూడు నిమిషాలు ఎలాగూ పడుతుంది. గిరాకీ ఉన్న బండికి తత్కాల్ బెర్తులు కొన్ని నిమిషాల్లోనే అయిపోతాయి. అంటే లైనులో రెండోవాడికీ అయిదోవాడికీ మధ్య తేడా ఆరేడు నిమిషాల నిరీక్షణ కాదు, బెర్తు ఉండడమా ఊడడమా అన్నది. పదకొండుకి అయిదు నిమిషాల ముందు అక్కడ మోచేతులు ఆడతాయి. అదే కిటికీ దగ్గర మధ్యాహ్నం మూడింటికి అదే మనుషులు కబుర్లు చెప్పుకుంటూ నిలబడతారు. సరుకు తన వరకూ వస్తుందో రాదో తెలియని చోటల్లా ఇదే తంతు.

విదేశాల్లో ఊరుకోరన్న మాటకి లెక్కే ఉంది. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త స్టాన్లీ మిల్‌గ్రామ్ బృందం న్యూయార్క్‌లో 129 లైన్లలో కావాలని మనిషిని మధ్యలో దూర్చి చూసి, 1986లో ఫలితాలు అచ్చువేసింది. ఒక్కడే దూరినప్పుడు అభ్యంతరం వచ్చింది సుమారు సగం లైన్లలోనే. మిగతా సగంలో అందరూ నోరు మూసుకున్నారు. ఇద్దరు దూరితే మాత్రం పదింట తొమ్మిది లైన్లు తిరగబడ్డాయి. అడ్డు చెప్పినవాళ్ళలో ఎక్కువమంది దూరిన చోటికి వెనకాల ఉన్నవాళ్ళు. సరిగ్గా వెనకున్న మనిషి మాట్లాడకపోతే ఇంకా వెనకవాళ్ళు మాట్లాడడం బాగా తగ్గిపోతుంది. మనకి పనికొచ్చే ముక్క ఇదే: దూరినవాడికి వెనకున్న మొదటి మనిషే, అదీ వెంటనే, చెప్పాలి. “సిగ్గు లేదా” అంటే తగాదా మొదలవుతుంది. “బావూ, లైను చివర అటుంది” అంటే పదిమందిలో ఎనిమిది మంది వెనక్కి నడుస్తారని మా అంచనా. ఒడియా ఆయనైతే “మౌసా, లైన్ పఛరె అఛి” చాలు.

అసలు వివరంగా చెప్పాల్సింది ఆ ఫొటో గురించి. కిటికీ మీద పడ్డవాళ్ళంతా ముందుకు దూరినవాళ్ళేనని మెసేజీ రాసినాయన అనుకున్నాడు. కిటికీ దగ్గర కొంచెంసేపు నిలబడి చూస్తే మూడు రకాల మనుషులు కనిపిస్తారు.

ఒకరు అడగడానికి వచ్చినవాళ్ళు. ఈ జిల్లాల్లో బోర్డు ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది. ఒడియా గడగడా మాట్లాడే తెలుగు ముసలాళ్ళలో చాలామందికి ఆ లిపి చదవడం రాదు. సవర, కుయి మాట్లాడేవాళ్ళ అవస్థ ఇంకా ఎక్కువ. ఇదేనా లైను, బియ్యం వచ్చాయా, ఏ కాగితం కావాలి అన్న మూడు ప్రశ్నలకు జవాబు కిటికీ లోపలే దొరుకుతుంది కాబట్టి కిటికీకే వస్తారు. వాళ్ళకి సంస్కారం నేర్పితే బోర్డు చదవడం రాదు. బోర్డు కిటికీ పక్కన కాకుండా లైను మొదలయ్యే చోట, వాకిట్లో ఉండాలి. ఒడియా, తెలుగు రెండూ ఉండాలి, కావలసిన కార్డుల బొమ్మలు అతికించాలి. రద్దీ రోజున లైను చివర ఒక మనిషిని నిలబెడితే ఈ గుంపు అక్కడే ఆగిపోతుంది.

రెండో రకం, తిరిగొచ్చినవాళ్ళు. ఒకావిడకి, రేషను షాపులో వేలిముద్ర తీసుకునే ఈపోస్ యంత్రం మీద ముద్ర పడలేదు. కూలి పని, నాట్లు, సున్నం పని చేసే చేతుల్లో గీతలు అరిగిపోయి ఉంటాయి. ఓటీపీ వచ్చే ఫోను ఇంట్లో కొడుకు దగ్గర ఉంది, ఆమె వెళ్ళి తెచ్చింది. ఇప్పుడు ఆమె నేరుగా కిటికీకి వస్తుంది, ఎందుకంటే ఆమె వరస ఎప్పుడో అయింది. వెనకవాళ్ళకి ఆ సంగతి తెలీదు, తిట్లు మొదలు. దీనికి చిన్న ఏర్పాటు చాలు. వేలు పొడి గుడ్డతో తుడవాలి, మరీ ఎండి పగిలి ఉంటే కాస్త తడి అద్దాలి. కొన మోపకుండా వేలి మెత్తటి భాగం మొత్తం ఆనించాలి. పడకపోతే ఇంకో వేలు. పదిమందికోసారి యంత్రం అద్దం తుడవాలి. మూడుసార్లు పడకపోతే అక్కడే నిలబెట్టకుండా నంబరు వేసిన చీటీ చేతిలో పెట్టి పక్కకు పంపాలి. చీటీతో తిరిగొచ్చినవాళ్ళని ఇద్దరు కొత్తవాళ్ళకి ఒకరు చొప్పున తీసుకుంటామని ముందే బిగ్గరగా చెప్పాలి. చీటీ కనిపిస్తే ఎవరూ తిట్టరు.

మూడో రకమే అసలు దొంగ. అతను కిటికీ దగ్గర నిలబడడు, పక్క తలుపులోంచి వెళ్తాడు. ఫొటోలో ఉండడు కూడా! లోపల తెలిసినవాళ్ళుంటారు. పక్క తలుపు ఒక్కసారి తెరుచుకుంటే చాలు, అప్పటిదాకా బుద్ధిగా నిలబడ్డ నలభైమందికి నిలబడడం దండగ అనిపిస్తుంది, వరస చెదురుతుంది. గర్భిణులకూ ముసలివాళ్ళకూ ముందు ఇవ్వడం వేరు. ముగ్గురి తర్వాత ఒకరు అని బోర్డు మీద రాసి, అందరి ఎదుటే పిలిస్తే దాని మీద గొడవ చాలా అరుదు.

కౌంటర్లు పెంచితే సరి అనే మాట సగం నిజం. ఒక మనిషి పనికి సగటున అయిదు నిమిషాలు అనుకుందాం. ఆ కౌంటరు గంటకు 12 మందిని పంపగలదు. జనం వేళాపాళా లేకుండా వస్తారు, ఒకరి పని రెండు నిమిషాలైతే ఇంకొకరిది పది. అలాంటప్పుడు గంటకు 10 మంది వస్తే సగటు నిరీక్షణ 25 నిమిషాలు. గంటకు 11 మంది వస్తే 55 నిమిషాలు. పెరిగింది ఒక్క మనిషే! “నిన్న బాగానే ఉంది, ఈరోజు ఏటయింది” అన్న ప్రశ్నకు తరచూ జవాబు ఇదే.

ఇప్పుడు గంటకు 20 మందికి రెండు కౌంటర్లు పెట్టారనుకోండి. రెండు వేరు లైన్లుంటే, మధ్యలో అటూ ఇటూ మారకపోతే, ఒక్కో దాంట్లో మళ్ళీ అదే 25 నిమిషాలు. అదే రెండు కౌంటర్లకీ ఒకే లైను పెట్టి, ఖాళీ అయిన కౌంటరుకి ముందున్న మనిషిని పంపితే సగటు 11 నిమిషాల చిల్లర. జీతం ఇచ్చే గుమాస్తాలు అదే ఇద్దరు. పైగా నా తర్వాత వచ్చినవాడు పక్క లైనులో నాకన్నా ముందు పోయాడన్న కడుపుమంట ఉండదు. అయితే లైను చూడ్డానికి రెట్టింపు పొడుగ్గా కనిపిస్తుంది, కొత్తగా వచ్చినవాళ్ళు బెదురుతారు. రెండు కౌంటర్లకీ ఇదే లైనని చివర నిలబడ్డ మనిషి చెప్పాలి.

లాఠీ విషయంలో తమాషా లేదు. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర ఆరుగురు చనిపోయారు. అస్వస్థతతో ఉన్న ఒకావిడ కోసం గేటు తీస్తే, టోకెన్లు మొదలయ్యాయనుకుని జనం ముందుకు వచ్చారని అప్పటి వార్తలు. అదే ఏడాది నవంబరు 1న, పర్లాఖిమిడికి దగ్గర్లోని కాశీబుగ్గ గుడిలో ఏకాదశి రద్దీలో 9 మంది పోయారు. చదరపు మీటరులో నలుగురు దాటితే ఇరుకు, ఆరుగురు దాటితే ఎవరి కాలు వాళ్ళ మాట వినదు. అప్పుడు వెనక నుంచి లాఠీ ఝళిపిస్తే ఆ తోపుడంతా ముందున్నవాళ్ళ రొమ్ముల మీదే పడుతుంది.

లాఠీ బదులు తాడు పట్టుకురండి. దారి వెడల్పు రెండున్నర అడుగులు మించకూడదు, మించితే ఇద్దరు పక్కపక్కన నిలబడతారు, అక్కడే తోపులాట మొదలు. మనిషికి రెండున్నర అడుగుల చొప్పున 50 మందికి 125 అడుగులు, అంటే 25 అడుగుల మడతలు అయిదు. తాడు నడుము ఎత్తులో కట్టాలి. ముడి ఒక్క లాగుతో ఊడిపోవాలి, ఎవరైనా కళ్ళు తిరిగి పడితే పక్కకు తీయడానికి. వెదురు గట్టిగా పాతితే ఆ వీలుండదు. పని అయినవాళ్ళు వచ్చిన దారినే వెనక్కి రాకుండా, కిటికీ పక్కనుంచి బయటికి దారి ఉండాలి.

సరుకు తక్కువున్న రోజు తాడు కూడా చాలదు, లెక్క ముందే చెప్పాలి. పది టన్నుల యూరియా లోడంటే 45 కిలోల సంచులు 222. చిరిగినవాటికి రెండు పక్కన పెట్టి, మనిషికి రెండు చొప్పున 110 చీటీలు తలుపు తీయకముందే లైను వెంట నడుస్తూ పంచాలి. నూట పదకొండో మనిషికి అప్పుడే, అక్కడే, ఈరోజు లేదని చెప్పి, పేరు రాసుకుని, వచ్చే లోడుకి మొదటి నంబరు వేసిన చీటీ ఇవ్వాలి.