మహారాజశ్రీ నాన్ డీటెయిల్డ్ గారి సముఖమునకు

కడప నుంచి ఒక ఇంగ్లీషు ఉపాధ్యాయుడు నమస్కరించి వ్రాయునది ఏమనగా,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాద. కానీ కుశలంగా ఉన్నది, పెద్ద నవలను కుదించి పిల్లల చేతిలో పెట్టే ఇంగ్లీషు ఉపవాచకమైన తమరు ఒక్కరే. నిన్న మధ్యాహ్నం కళ్ళారా చూశాను. మా బడి నడిపే కరస్పాండెంటు గారి ఏసీ గదిలో, టైలూ బెల్టులూ నోటు పుస్తకాల పక్కన, తాడు కూడా విప్పని కట్టల్లో చల్లగా కొలువుతీరి ఉన్నారు. తొమ్మిదో తరగతికి ఈ సంవత్సరం ఏ ఇంగ్లీషు నవల పెట్టాలో నిర్ణయించడానికి రెండు గంటలకల్లా రమ్మన్నారని వచ్చిన మేము నలుగురు ఉపాధ్యాయులం మాత్రం, మే నెల ఎండలో నాపరాయి బండల మీది సెగ మొహానికి కొడుతుంటే, నాలుగున్నర దాకా వరండాలో కూర్చున్నాం. లోపలికి పిలిచాక నిర్ణయానికి నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. పోయిన ఏడాది కట్టలు కొన్ని మిగిలిపోయాయి గనుక ఈ ఏడాదీ తమరే.

ఒక నవలను ఎంపిక చేయడానికి ప్రపంచంలో ఎన్ని ప్రమాణాలున్నాయో నాకు తెలియదు గానీ, మిగిలిపోయిన సరుకు అన్నది వాటిలో ఒకటని నిన్నటిదాకా తెలియదు.

పోయిన ఏప్రిల్‌లో ఇదే గదిలో ఇదే పెద్దమనిషి, వచ్చే సంవత్సరం పుస్తకం మీరే ఎంచుకోండి, అసలు నవలే పెట్టుకుందాం అని మాట ఇచ్చారు. నేను ఆ మాట నమ్మి, మూడు వారాలు రాత్రిళ్ళు కూర్చుని, అయిదు నవలలు మళ్ళీ చదివి, ఏది ఎందుకో ఒక్కోదానికి ఒక్కో పేజీ రాసుకుని వెళ్ళాను. ఆ కాగితాలు నిన్న విసనకర్రగా పనికివచ్చాయి. జాబితాలో 1935లో వచ్చిన ఆర్.కె.నారాయణ్ ‘స్వామి అండ్ ఫ్రెండ్స్’ కనబడగానే ఒక సహోపాధ్యాయుడు, అందులో పిల్లవాడు ఊరు విడిచి పారిపోతాడు కదా, తల్లిదండ్రులు ఊరుకుంటారా అన్నారు. ఇంకొకరు, క్వశ్చన్ బ్యాంకు లేని పుస్తకం ఎట్లా చెప్తాం సార్ అన్నారు. కరస్పాండెంటు గారు మాత్రం ఏ పుస్తకాన్నీ విమర్శించలేదు. “ఏ కథైతే ఏముంది సార్, ఇంగ్లీషొస్తే సాలదా?” అని సమదృష్టితో సెలవిచ్చారు.

అయ్యా, తమరి పేరు గురించి ముందుగా ఒక ప్రశంస. వివరాలు లేనిదని పేరులోనే ఒప్పుకున్న పుస్తకం తమరు తప్ప మరొకటి లేదు. ఆ నిజాయతీకి తగ్గట్టే పేజీలూ ఉన్నాయి. 59 అధ్యాయాల డికెన్స్ నవల ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ను తమరు 11 అధ్యాయాలుగా, బొమ్మలతోనూ ఖాళీలను పూరించుమనే ప్రశ్నలతోనూ కలిపి 88 పేజీలుగా దిద్ది తీర్చారు. ఆ రచయిత తన నవలకు మొదట ఒక ముగింపు రాసి, స్నేహితుడైన మరో రచయిత సలహా మీద దాన్ని మార్చి రెండోది రాశాడు. ఆ రెండింటిలో ఏది మంచిదని చదివినవాళ్ళు నేటికీ వాదించుకుంటున్నారు. తమరు ఆ తగవు తీర్చేశారు. కథానాయకుడు పిప్, అతను ప్రేమించిన ఎస్టెల్లా పెళ్ళి చేసుకుని సుఖంగా జీవించారని మూడో ముగింపు ప్రసాదించారు.

తమరి బంధువర్గం కూడా తక్కువది కాదు. గలివర్ పాపం నాలుగు ప్రయాణాలు చేస్తే, తమ వంశంవారి పుణ్యమా అని మన పిల్లల్లో చాలామందికి ఆయన మరుగుజ్జుల దేశమైన లిల్లిపుట్ దాటి వెళ్ళినట్టే తెలియదు. తమరి తమ్ముడు గైడు గారి సంగతి ఇక్కడ ఎత్తను. ఎనభై ఎనిమిది పేజీలు చదవలేనివాళ్ళ కోసం ఆయన ఎనిమిది పేజీలలో అవతరించారు.

అసలు నవల చెప్పడానికి సమయం ఎక్కడుందని తమ తరఫున అందరూ అంటారు. ఈ ఒక్క మాట దగ్గర నాకు కడుపు మండుతుంది. ఆ డికెన్స్ నవల పుట్టిందే వారపత్రికలో ధారావాహికగా. 1860 డిసెంబరు నుంచి 1861 ఆగస్టు దాకా, వారానికి ఒక భాగం చొప్పున 36 వారాలు వచ్చింది. పని చేసుకుని బతికే మామూలు జనం కూడా తర్వాత ఏమవుతుందోనని వచ్చే వారం కోసం ఎదురుచూస్తూ చదివారు. జూన్‌లో తెరిచి ఏప్రిల్‌లో మూసే మన బడికి, దసరా సంక్రాంతి సెలవులు పోగా కూడా, ఇంచుమించు అన్ని వారాలూ ఉంటాయి. వారానికి రెండు పీరియడ్లు ఇస్తే పుస్తకం మొత్తం పూర్తవుతుంది. డబ్బు మాట అంటారా, రచయిత 1870లోనే పోయాడు, హక్కుల గడువు ఏనాడో తీరిపోయింది, పూర్తి నవల ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఉచితంగా దొరికే పూర్తి పుస్తకాన్ని వదిలి, డబ్బు పెట్టి కోసేసిన పుస్తకాన్ని కొనిపించే ఈ వ్యాపారాన్ని చూస్తే, సంతలో కోడి కంటే ఈకలకు ఎక్కువ ధర పలికినట్టుంది.

ఇదంతా జరుగుతున్నది ఏ ఊళ్ళో? 1820లో ఉద్యోగం మీద ఈ కడపకే వచ్చిన సి.పి.బ్రౌన్ అనే ఇంగ్లీషు దొర, సొంత డబ్బుతో పండితులను కూర్చోబెట్టుకుని, ఒకే పద్యానికి పలు ప్రతులు తెప్పించి, అక్షరం అక్షరం పోల్చి, ఏది సరైన పాఠమో తేల్చిన ఊళ్ళో. వేమన పద్యాలు 1829లో అచ్చుకెక్కింది ఆయన శ్రమ వల్లే. ఆయన బంగళా ఉన్న చోటే ఇవాళ ఆయన పేరున గ్రంథాలయం ఉంది. పరాయి భాషలోని ఒక్క అక్షరం పోతుందేమోనని ఆయన అక్కడ దీపం పెట్టుకుని కూర్చుంటే, ఆయన భాషలోని 48 అధ్యాయాలు పోయినా మనకు చీమ కుట్టినట్టు కూడా లేదు. బాకీ తీర్చుకునే పద్ధతి ఇదేనేమో.

పోనీ, వెయ్యి తీసెయ్యి, ఒక్కటి వదిలిపెట్టమని అడిగితే వింటావా? డికెన్స్ నవలలో ఏడో అధ్యాయం. పిప్ పలక మీద తప్పుల తడకగా ఒక ఉత్తరం రాసి, పొయ్యి పక్కన కూర్చున్న తన బావ, జో అనే కమ్మరికి చూపిస్తాడు. జో దాన్నంతా తిరగేసి జె, ఓ అనే రెండు అక్షరాలు పట్టుకుని, తన పేరు దొరికిందని మురిసిపోతాడు. తనకు చదవడమంటే ఎంతో ఇష్టమని, ఏ పుస్తకంలోనైనా ఆ రెండక్షరాలు కనబడితే చాలా సంతోషమని చెబుతాడు. తాగుబోతు తండ్రి తనను బడికి పోనివ్వలేదన్న సంగతి, ఆ తండ్రి మీద కోపం లేకుండా చెబుతాడు. పిప్ పెద్దవాడై ఆ జోను చూసి సిగ్గుపడటమే నవలలోని నొప్పి అంతా. నీలో జో గురించి ఉన్నది ఒక్క వాక్యం. జో దయగల మనిషి, అని. దానికింద ఒక ప్రశ్న: జో ఎలాంటి మనిషి?

పోయిన డిసెంబరులో ఒక పీరియడ్ దొంగిలించి, నా సొంత ప్రతి పట్టుకెళ్ళి, ఆ అధ్యాయం క్లాసులో చదివి వినిపించాను. కష్టమైన మాటలకు తెలుగులో అర్థం చెప్పుకుంటూ, నలభై నిమిషాలు. వెనక బెంచీలో ఒక పిల్లవాడున్నాడు. వాళ్ళ నాన్న నాపరాళ్ళ పాలిష్ మిల్లులో పని చేస్తాడు. ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం చేయడానికి ఆయన ప్రతిసారీ తన పేరులోని మూడక్షరాలు ఆగి ఆగి గీస్తాడు, నేను చూశాను. గంట కొట్టాక ఆ పిల్లవాడు నా దగ్గరికి వచ్చి, తన నాన్ డీటెయిల్డ్ తెరిచి పట్టుకుని అడిగాడు.

“సార్, ఇది మా బుక్కులో యాడుంది?”

వెతికినట్టు నటించి, రేపు చెప్తానన్నాను. ఆ రేపు ఇంకా రాలేదు. ఈ జూన్‌లో అతని తమ్ముడు తొమ్మిదిలోకి వస్తున్నాడు. కాబట్టి మహాశయా, ఆ కట్టల తాడు విప్పకముందే ఆ పేజీ సంఖ్య తిరుగు టపాలో తెలియజేయవలసిందిగా కోరుతూ,

తమ విధేయుడు,
తొమ్మిదో తరగతి ఇంగ్లీషు ఉపాధ్యాయుడు,
కడప.