సోల్డ్ బోర్డు పడ్డాక చూసిన షికాగో

ఇంటి ముందు ‘సోల్డ్’ బోర్డు పడిన సాయంత్రం మా ఆయన అడిగారు, "పద్నాలుగేళ్లున్నాం కదా, షికాగోలో నీకేం గుర్తుంటాయి?" అని. లెమాంట్ గుడి, అరోరా బాలాజీ గుడి, రెండు ఇండియన్ స్టోర్లు, ఐ-88 మీద ట్రాఫిక్ అని గబగబా చెప్పేశాను. చెప్పాక గానీ తట్టలేదు, వాటిలో ఒక్కటీ షికాగోలో లేదని.

ఉండేది శివారు ఊరైన నేపర్‌విల్‌లో, ఇండియాలో చెప్పుకునేది షికాగో అని. అమ్మావాళ్లో అత్తయ్యావాళ్లో వస్తే బీన్ అనే గింజలాంటి శిల్పం, నేవీ పియర్, విల్లిస్ టవర్ చూపించి చీకటి పడకముందే కారెక్కించేవాళ్లం. ఆ నగరంలో 77 కమ్యూనిటీ ఏరియాలు, అంటే పేటలు, ఉన్నాయి. మా కాలు నేలకి ఆనింది మహా అయితే రెండు మూడింట్లో.

డాలస్ ప్రయాణానికి ఎనిమిది శనివారాలు మిగిలాయి. శివారు నుంచి నగరానికి వెళ్లే మెట్రా రైల్లో వెళ్లి, కారు ఊసెత్తకుండా నడవాలని పంతం పట్టాను. మా ఆయన మోకాలి నొప్పి వంకతో మొదటి రెండు వారాలు తప్పించుకున్నారు.

నడిస్తే తెలిసిందేమిటంటే, ఈ ఊళ్లో తప్పిపోవడం కష్టం. స్టేట్, మాడిసన్ వీధులు కలిసే మూల సున్నా. ఏ వీధిలోనైనా ఇంటి నంబర్ల లెక్క అక్కణ్ణుంచే. సరి సంఖ్యలు వీధికి ఉత్తరం వైపో, పడమర వైపో ఉంటాయి. మూడో శనివారానికల్లా ఫోన్ చూడటం మానేశాను.

పిల్సెన్ అనే పేట పేరు చెక్ వలసదారులు పెట్టుకున్నది, గోడల మీద బొమ్మలు మెక్సికన్లవి. 18వ వీధిలో ఓ బేకరీలో బన్ను చేత్తో తీయబోతే, వెనకున్న పెద్దావిడ ఏమీ అనకుండా నా చేతిలో ఓ స్టీలు పళ్లెం, పట్టకారు పెట్టింది. పైన పంచదార పూతతో, గవ్వలా గీతలున్న ఆ బన్నుని కోంచా అంటారు. ఇరానీ చాయ్ పక్కన పెడితే హైదరాబాదువాళ్లు కాదనరు. అదే పేటలో మంచు తవ్వుకున్న పార్కింగ్ జాగాలో ఎవరో విరిగిన కుర్చీ, ఇస్త్రీ బల్ల అడ్డం పెట్టారు. దాన్ని ఇక్కడ డిబ్స్ అంటారట. బస్సు కిటికీలోంచి రుమాలు వేసి సీటు ఆపుకున్న జాతికి దీన్ని ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. రెండంతస్తుల ఇటుక ఇళ్లు, ఒక వాటాలో ఓనరు, ఇంకో వాటా అద్దెకి. అప్పు తీర్చే ఆ ఉపాయం మా విజయవాడ ఇంట్లోనూ చూసిందే.

నన్ను నిలబెట్టేసింది మాత్రం సౌత్ సైడ్ అనే దక్షిణ భాగంలోని పుల్‌మన్. స్లీపర్ రైలు పెట్టెలు చేసే జార్జ్ పుల్‌మన్ 1880లో పనివాళ్ల కోసమంటూ కట్టించడం మొదలుపెట్టిన ఊరది. ఎర్ర ఇటుక ఇళ్లు వరసగా ఇంకా ఉన్నాయి, జనం కాపురాలూ చేస్తున్నారు. జీతమిచ్చేదీ అద్దె తీసుకునేదీ ఒకే కంపెనీ. 1893లో మాంద్యం వచ్చినప్పుడు జీతాలు కోశారు, అద్దెలు తగ్గించలేదు. 1894లో సమ్మె జరిగింది, దేశంలో చాలాచోట్ల రైళ్లు ఆగాయి. మా ఆయన ఒక గుమ్మం ముందు ఆగి, "మన హెచ్-1 వీసా రోజులు గుర్తున్నాయా?" అన్నారు. ఉద్యోగం పోతే మహా అయితే 60 రోజుల్లో ఇంకోటి చూసుకోవాలి, లేదంటే పెట్టె సర్దుకోవాలి. ఆయన ఉద్యోగం ఊగిసలాడిన ఆ శీతాకాలం నేను వంటింట్లో క్యాలెండర్ మీద గళ్లు లెక్కపెట్టాను. ఈ వీధి అప్పుడే చూసుంటే, ఆ భయం మా ఒక్కళ్లదే కాదని తెలిసేది.

"సౌత్ సైడ్ వెళ్లకండి" అని మన వాట్సాప్ గ్రూపుల్లో తేలిగ్గా అనేస్తాం. జాగ్రత్త అక్కర్లేదని నేననను. మేమూ పగలే నడిచాం, అక్కడివాళ్లు వద్దన్న మూలలు వదిలేశాం. కానీ దాదాపు సగం ఊరిని ఒక్క మాటతో కొట్టేస్తే ఎలా? మన దుకాణాలున్న డెవాన్ వీధి ఒకటే మనదని సరిపెట్టుకుంటాం. ఆ వీధి బోర్డుల మీద గాంధీ, జిన్నా, ఇజ్రాయెల్ మాజీ ప్రధాని గోల్డా మేయిర్ పేర్లు వరసగా వస్తాయని కూరగాయల సంచీతో కారుకి పరిగెత్తేవాళ్లలో ఎంతమంది చూశారు?

మన సంఘానికి నా మనవి ఇదే. ఉగాదికి, దసరాకి హాళ్లు బుక్ చేస్తున్నాం, సంతోషం. నెలకో శనివారం పాతికమందిని రైలెక్కించి ఒక పేట నడిపించండి. పులిహోర పొట్లాలు నేను కడతాను అనేదాన్ని, కానీ అప్పటికి ఇక్కడుండను.

మొన్న డాలస్ దగ్గర చూసిన కొత్త ఇంటి గురించి ఏజెంటుకి ఫోన్ చేసి, పచారీ కొట్టు దాకా ఫుట్‌పాత్ ఉందా అని అడిగాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత ఆయన మర్యాదగానే అడిగాడు, "మీకు కారు లేదాండీ?"