బెంగళూరు రాయి, పొటోమాక్ ఒడ్డు

పిల్లలు వర్జీనియాలో ఉంటే చాలు, వేసవిలో అమెరికా వెళ్లిన మనవాళ్లకు ఒక రోజు వాషింగ్టన్ డీసీ తిప్పడం ఖాయం. వైట్‌హౌస్ ముందు ఒక ఫోటో, లింకన్ మెట్ల మీద ఒక ఫోటో, మధ్యలో పులిహోర డబ్బా. నేనూ అలాగే వెళ్లాను. పొటోమాక్ నది పక్కన పార్కులో రెండో ప్రపంచ యుద్ధం, కొరియా, వియత్నాం స్మారకాలు నడిచే దూరంలోనే ఉన్నాయి. మూడూ సైనికుల కోసం కట్టినవే. వచ్చినవాళ్లు మెలిగే తీరు మాత్రం మూడు చోట్లా ఒకేలా లేదు.

రెండో ప్రపంచ యుద్ధ స్మారకాన్ని 2004లో తెరిచారు. 56 స్తంభాలు, ఫౌంటెన్లు, ఒక గోడ మీద 4,048 బంగారు నక్షత్రాలు. ఒక్కో నక్షత్రం వంద మంది మృతులకు గుర్తట. లెక్క కుదిరింది కానీ మనిషి దొరకడు. మా అన్న ఏ నక్షత్రంలో ఉన్నాడు అని ఎవరైనా అడిగితే చూపించడానికి ఏమీ లేదు. జనం కాసేపు నీళ్ల పక్కన కూర్చుని, సెల్ఫీలు దిగి వెళ్లిపోతున్నారు.

వియత్నాం గోడ దగ్గరికి వచ్చేసరికి అందరి గొంతులూ వాటంతటవే తగ్గాయి. బాట పల్లంలోకి దిగుతుంటే పక్కనే నల్ల గ్రానైట్ గోడ చీలమండ ఎత్తులో మొదలై, మధ్యకు వచ్చేసరికి పది అడుగులకు లేస్తుంది. దాని మీద 58 వేలకు పైగా పేర్లు. హోదా లేదు, ఊరు లేదు, పొగడ్త అంతకన్నా లేదు. అక్షర క్రమం కూడా కాదు. అలా పెట్టి ఉంటే స్మిత్‌లందరూ ఒకచోట చేరి టెలిఫోన్ డైరెక్టరీ అయ్యేది. చనిపోయిన తేదీల వరుసలో చెక్కారు. ఒకే పోరులో ఒకే రోజు పోయినవాళ్లు ఇక్కడా పక్కపక్కనే ఉన్నారు. తమవాడు ఏ పలక మీద ఉన్నాడో పుస్తకంలో చూసుకుని, వెతుక్కుంటూ వచ్చి, పేరు మీద కాగితం ఆనించి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకెళ్తారు. కొందరు ఉత్తరాలు, పాత బూట్లు గోడ కింద వదిలి వెళ్తారు. పార్కు సిబ్బంది వాటిని చెత్తలో వేయరు, భద్రపరుస్తారు.

ఆ రాయిని తవ్వింది మన బెంగళూరు వైపు. నల్ల గ్రానైట్ కెనడా, స్వీడన్‌లలోనూ దొరుకుతుంది. అయితే యుద్ధానికి పోకుండా తప్పించుకున్న కుర్రాళ్లు చాలామంది ఆ దేశాలకే వెళ్లారు కాబట్టి ఆ రాయి వద్దనుకున్నారు. అద్దంలా సానపెట్టడంతో పేరు చదువుతుంటే మన మొహం కూడా అందులోనే కనబడుతుంది.

ఈ గోడ కోసం పట్టుబట్టింది ప్రభుత్వం కాదు, యుద్ధం నుంచి తిరిగొచ్చిన ఒక సైనికుడు, జాన్ స్క్రగ్స్. ఖర్చంతా విరాళాలే. 1981 పోటీకి 1,421 నమూనాలు వచ్చాయి. ఎవరివో తెలియకుండా నంబర్లు వేసి చూస్తే, గెలిచింది 21 ఏళ్ల విద్యార్థిని మాయా లిన్. తల్లిదండ్రులు చైనా నుంచి వచ్చినవాళ్లని తెలిశాక గొడవ ఇంకా పెరిగింది. నల్ల రంగేమిటి, నేలలో పాతడమేమిటి, ఇది అవమానం అన్నారు. చివరికి రాజీగా 1984లో ముగ్గురు సైనికుల కంచు విగ్రహం పక్కన పెట్టారు. విగ్రహం బాగానే ఉంది. దాని దగ్గర ఏడుస్తున్నవాళ్లు మాత్రం నాకు కనబడలేదు.

గోడకూ లోపాలున్నాయి. వియత్నాం వైపు లక్షల్లో పోయారు, వాళ్ల ప్రస్తావనే లేదు. యుద్ధంలో చల్లిన ఏజెంట్ ఆరెంజ్ విషంతోనో, తిరిగొచ్చాక మనసు చెదిరి ఆత్మహత్యతోనో పోయినవాళ్లకు కూడా గోడ మీద చోటు లేదు. 2004లో వాళ్లందరికీ కలిపి నేల మీద ఒక పలక పెట్టి సరిపెట్టారు.

కొరియా స్మారకం 1995 నాటిది. వాన కోట్లు వేసుకుని పొలంలో నడుస్తున్నట్టున్న 19 ఉక్కు సైనికులు, ఒక అంచున సాయపడిన 22 దేశాల పేర్లు. అందులో ఇండియా ఉంది. మనం పంపింది తుపాకులు కాదు, 60 పారా ఫీల్డ్ అంబులెన్స్ అనే వైద్య దళాన్ని. ఇక్కడ మృతుల పేర్ల గోడ 2022లో గానీ రాలేదు. వచ్చాక చూస్తే అక్షర దోషాలు, వదిలేసిన పేర్లు. దాంతో విమర్శలు వెల్లువెత్తాయి. పేరు ఒక్కటే ఇస్తున్నప్పుడు అదీ తప్పుగా ఇస్తే ఇంకేం మిగిలింది?

మనకు ఇది కొత్త విద్యేమీ కాదు. పల్నాడులో నాగులేరు ఒడ్డున కారంపూడి ఉంది. ఏటా కార్తీకంలో, పల్నాటి యుద్ధ వీరులను కొలిచే వీరాచారవంతులు తమ తమ వీరుల కొణతాలు, అంటే ఆయుధాలు మోసుకుని అక్కడికి వస్తారు. ఎనిమిది వందల ఏళ్ల నాటి యోధుడికి ఇవాళ్టికీ ఫలానా ఇంటివాళ్లు జవాబుదారీ. ఇక్కడ గుర్తుంచుకోవడమంటే చేతులతో చేసే పని, పొటోమాక్ ఒడ్డున పెన్సిల్‌తో రుద్దుతున్నట్టే. ఢిల్లీలో 2019లో తెరిచిన జాతీయ యుద్ధ స్మారకం కూడా పేర్ల దారే పట్టింది. గల్వాన్‌లో 2020లో అమరుడైన సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు పేరు అక్కడ ఉంది. ఊళ్లో కూడలి విగ్రహానికి ఏడాదికోసారి దండ వేసి వచ్చేస్తాం. అక్కడైతే పేరు వెతుక్కోవాలి.

వియత్నాం గోడ మీద ప్రతి పేరు పక్కనా చిన్న గుర్తు ఉంటుంది. వజ్రం ఆకారమైతే మరణం ధ్రువపడిందని. సిలువ అయితే మనిషి ఆచూకీ లేదని. అవశేషాలు దొరికితే సిలువను వజ్రంగా మారుస్తారు. ప్రాణాలతో తిరిగొస్తే సిలువ చుట్టూ వృత్తం గీయాలని ముందే అనుకున్నారు. వృత్తం ఇంతవరకు ఒక్కటీ గీయలేదు.