ఆ ఫైల్‌ని చివరికి చదివేది ఆ పిల్లలే

ఇంగ్లండ్‌లోని నార్ఫోక్ కౌంటీ కౌన్సిల్‌లో (అక్కడి స్థానిక ప్రభుత్వ సంస్థ) ఒక సోషల్ వర్కర్, ఓ బిడ్డ సంక్షేమం గురించీ తల్లిదండ్రుల్లో ఒకరి మీద వచ్చిన ఆరోపణల గురించీ రాసిన రిపోర్టును స్వయంగా వెళ్లి ఇచ్చి వచ్చారు. దాని మీద అడ్రసు తప్పు పడింది. రిపోర్టు కాస్తా పక్కింటికి చేరింది. ఊళ్లో ఎవరికి తెలిసినా ఫర్వాలేదు, పక్కింటికి మాత్రం తెలియకూడదు అనుకునే సంగతులు ఏ ఇంట్లోనైనా ఉంటాయి కదా! 2012లో జనం వ్యక్తిగత వివరాల రక్షణ చూసే బ్రిటన్ సమాచార కమిషనర్ కార్యాలయం ఆ కౌన్సిల్‌కు 80,000 పౌండ్ల జరిమానా వేసింది. అదే ఏడాది క్రాయ్‌డన్ కౌన్సిల్‌కు లక్ష పౌండ్లు పడింది. లైంగిక వేధింపుల కేసులో ఒక బిడ్డకు సంబంధించిన కాగితాలున్న సంచిని లండన్ పబ్బులో ఎవరో కొట్టేశారు. స్కాట్లాండ్‌లోని మిడ్‌లోథియన్ కౌన్సిల్‌కు 1,40,000 పౌండ్లు. అక్కడ పిల్లల వివరాలు ఐదుసార్లు చేరకూడనివాళ్లకు చేరాయి.

ఇలాంటి వార్త చదివితే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. తప్పు ఎక్కడ జరిగిందో ఇట్టే తెలిసిపోతుంది కాబట్టి కోప్పడటం కూడా తేలిక. నన్ను ఎక్కువ కలవరపెట్టేది మాత్రం బయటికి పొక్కిన కాగితం కంటే బీరువాలో భద్రంగా ఉన్న కాగితం. అందులో ఏం రాశారు? ఎవరిని ఉద్దేశించి రాశారు?

కౌన్సిల్ అంటే రోడ్లు, చెత్త బండ్లు చూసుకునే ఆఫీసు అనుకుంటాం. ఇంగ్లండ్‌లో ప్రైమరీ స్కూల్ సీటుకు జనవరి 15లోగా, సెకండరీ సీటుకు అక్టోబరు 31లోగా దరఖాస్తు పెట్టుకోవాల్సింది కౌన్సిల్‌కే. అక్కడికి వెళ్లి స్థిరపడిన మనవాళ్లలో చాలామందికి కౌన్సిల్‌తో మొదటి పరిచయం ట్యాక్స్ బిల్లయితే, రెండోది ఈ స్కూల్ ఫారమే. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం 25 ఏళ్ల వయసు దాకా కొనసాగే వీలున్న ప్లాన్, ఇంటి కేటాయింపు, ఫలానా ఇంట్లో పిల్లాణ్ని కొడుతున్నారంటూ ఎవరో చేసిన ఫోన్, అన్నీ వచ్చి చేరేది అక్కడికే.

మనం సంతకం పెట్టాం కాబట్టి ఇదంతా మన అనుమతితోనే జరుగుతోందని అనుకుంటాం. చట్టం లెక్క వేరు. బ్రిటన్ డేటా రక్షణ చట్టాల ప్రకారం ఈ విషయంలో కౌన్సిళ్లకు ప్రధాన ఆధారం చట్టం తమకు అప్పగించిన ప్రజా బాధ్యతే. బిడ్డకు ప్రమాదం ఉందనుకుంటే తల్లిదండ్రులు వద్దన్నా పోలీసులకో డాక్టరుకో చెప్పవచ్చు. ఇందులో నాకు అభ్యంతరం లేదు. కాదనే వీలు లేనిచోట ‘మీకు సమ్మతమేనా’ అని అడగడమే మర్యాద ముసుగు వేసుకున్న మోసం. ‘మీరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ఈ వివరాలు తీసుకుంటాం. ఎవరికి ఇస్తామో ఇదిగో జాబితా. తప్పు దొర్లితే ఇలా దిద్దించుకోండి’ అని ముఖం మీద చెప్పే కౌన్సిల్‌నే నేను ఎక్కువ నమ్ముతాను. ప్రైవసీ నోటీసులు ఉన్నది అందుకే గానీ, వాటిలో ‘భాగస్వామ్య సంస్థలు’ అని ఒక్క ముక్క కనిపిస్తుంది. ఆ సంచీలో ఎవరైనా పడతారు.

అసలు వివరాలు ఒకరితో ఒకరు పంచుకోకపోతే ఏమవుతుందని అడిగేవాళ్లు విక్టోరియా క్లింబియే పేరు చెబుతారు. ఆ ఎనిమిదేళ్ల పాప సంరక్షకుల చిత్రహింసలు భరించలేక 2000 ఫిబ్రవరిలో లండన్‌లో చనిపోయింది. ఒంటి మీద 128 గాయాలు. నాలుగు కౌన్సిళ్ల సోషల్ సర్వీసులకు, రెండు ఆసుపత్రులకు, పోలీసులకు ఆ పాప తెలుసు. కాపాడగలిగే అవకాశాలు కనీసం 12 చేజారాయని లార్డ్ లామింగ్ విచారణ 2003లో తేల్చింది. ఆ తర్వాత 2004 పిల్లల చట్టం వచ్చింది. దాని వెనకే కాంటాక్ట్‌పాయింట్ అనే భారీ డేటాబేస్. ఇంగ్లండ్‌లోని సుమారు 1.1 కోట్ల మంది పిల్లల పేరు, అడ్రసు, స్కూలు, డాక్టరు అన్నీ ఒకేచోట, మూడు లక్షలమందికి పైగా ఉద్యోగులు తెరిచి చూసేలా. ఖర్చు 22.4 కోట్ల పౌండ్లు. 2009లో మొదలుపెట్టారు. 2010 ఆగస్టులో కొత్త ప్రభుత్వం మూసేసింది.

విక్టోరియా కేసులో నాకు మరో సంగతి గుచ్చుకుంటుంది. మొదటి ఆసుపత్రిలో దెబ్బలేమోనని అనుమానించారు. తర్వాత పై డాక్టరు అది గజ్జి అన్నారు. ఆ ఒక్క మాట కౌన్సిల్‌కూ పోలీసులకూ చేరింది, పాపకు పెట్టిన రక్షణ తీసేశారు. అంటే సమాచారం చక్కగానే చేరింది. చేరిన సమాచారమే తప్పు. ఒకరి అంచనా ఇంకొకరి ఫైల్లోకి ఎక్కేసరికి నిజమై కూర్చుంటుంది. డేటాబేస్ ఎంత పెద్దదైనా ఈ జబ్బు నయం కాదు. పైగా తప్పు మరింత వేగంగా పాకుతుంది.

స్కాట్లాండ్ మరో దారి పట్టింది. ప్రతి బిడ్డకూ 18 ఏళ్లు వచ్చేదాకా ఒక అధికారి బాధ్యుడిగా ఉండాలని 2014లో చట్టం చేశారు. పిల్లల ‘క్షేమం’ పేరుతో వివరాలు పంచుకునే ఆ నిబంధనలు కుటుంబ గోప్యత హక్కుకు విరుద్ధమని 2016లో యూకే సుప్రీంకోర్టు చెప్పింది. 2019లో పథకాన్నే వదిలేశారు. ప్రమాదం అనే మాటకు ఒక హద్దుంటుంది, క్షేమం అనే మాట ఎంత లాగితే అంత సాగుతుంది.

ఒక పనికని తీసుకున్నది ఇంకో పనికి ఎలా పోతుందో 2022లో బయటపడింది. ఇది కౌన్సిల్ కథ కాదు, బ్రిటన్ ప్రభుత్వ విద్యాశాఖది. 14 ఏళ్లు, ఆపై వయసున్న 2.8 కోట్ల మంది విద్యార్థుల రికార్డులు వాళ్ల దగ్గర ఉన్నాయి. ఆన్‌లైన్ జూదం ఖాతా తెరిచేవాళ్లకు 18 ఏళ్లు నిండాయో లేదో చూడటానికి ఒక ప్రైవేటు కంపెనీ ఆ రికార్డులను వాడుకుంది. శాఖకు మందలింపు తప్ప జరిమానా పడలేదు. ప్రభుత్వ సంస్థలకు జరిమానాలు వీలైనంత తగ్గించాలని ఆ ఏడాదే కమిషనర్ కార్యాలయం నిర్ణయించింది. కౌన్సిల్‌కు వేసే జరిమానా చివరికి ఆ పిల్లల సేవలకే కోత పెడుతుందన్న వాదనలో నిజముంది. కానీ మందలింపు కాగితం చూసి ఎవరికైనా టెన్షన్ పుడుతుందా?

ఇంతకీ ఆ ఫైల్ ఎవరిది? లివర్‌పూల్‌లో ఇంట్లో కాకుండా కౌన్సిల్ సంరక్షణలో పెరిగిన గాస్కిన్ అనే వ్యక్తి పెద్దయ్యాక తన ఫైల్ చూపించమని అడిగాడు. వివరాలు రాసిచ్చినవాళ్లు ఒప్పుకోలేదంటూ కొంత భాగం ఆపేశారు. యూరోపియన్ మానవ హక్కుల కోర్టు 1989లో అతని వైపు నిలిచింది. ఎవరైనా ఒప్పుకోనప్పుడు ఫైల్ ఇవ్వాలో వద్దో తేల్చడానికి స్వతంత్ర వ్యవస్థ లేకపోవడమే తప్పంది.

మనకు చిన్నతనం గురించి అమ్మో నానమ్మో చెబుతారు. సంరక్షణలో పెరిగిన బిడ్డకు ఆ చెప్పేది కౌన్సిల్ ఫైలే. అందుకే ఇంగ్లండ్‌లో అలాంటి బిడ్డ ఫైల్‌ని వాళ్లకు 75 ఏళ్లు వచ్చేదాకా దాచాలి. 2005 చివర్లో వచ్చిన నిబంధనల ప్రకారం దత్తత ఫైల్ అయితే నూరేళ్లు. అడిగితే నెలలో ఇవ్వాలి, చిక్కులుంటే ఇంకో రెండు నెలలు. తీరా చేతికొచ్చాక చూస్తే పేజీల నిండా నల్ల గీతలు. ఇతరుల వివరాలంటూ కొన్నిసార్లు సొంత తల్లి గురించిన వాక్యాలు, తోబుట్టువు పేరు కూడా కొట్టేసి ఉంటాయి. గీతలు లేనిచోట మరో దెబ్బ: ‘మొండి’, ‘అందరూ తనవైపే చూడాలని ఇలా చేస్తోంది’. తల్లికి దూరమైన ఆరేళ్ల పిల్ల ఏడ్చిన రాత్రి గురించి ఎవరో రాసిన ముక్క అది.

కొన్ని కౌన్సిళ్లలో సోషల్ వర్కర్లు ఈ మధ్య ఆ బిడ్డనే ఉద్దేశించి ‘నువ్వు’ అంటూ రాస్తున్నారు. ‘నిన్ను ఆ ఇంటి నుంచి ఎందుకు తీసుకొచ్చామంటే...’ అని. వినడానికి చిన్న మార్పే. కానీ రేపు చదివేది ఎవరో గుర్తుంటే చెయ్యి కాస్త తడబడుతుంది. విన్నదేదో, చూసిందేదో, ఊహించిందేదో విడివిడిగా రాయాల్సి వస్తుంది. అవసరం లేని ముక్క రాయబుద్ధి కాదు. ఒకరి ఊహ నిజంలా పాకకుండా ఆపే చోటు ఈ కలం దగ్గరే ఉంది. పని భారంతో అల్లాడే ఉద్యోగి ప్రతి నోటూ ఇలా రాయగలరా అంటే, రాయలేరు. ముఖ్యమైన నిర్ణయాల దగ్గరైనా రాయమంటున్నాను.

2024 డిసెంబరులో పార్లమెంటు ముందుకొచ్చిన పిల్లల సంక్షేమం, పాఠశాలల బిల్లులో ప్రతి బిడ్డకూ ఒకే గుర్తింపు సంఖ్య అనే ఆలోచన మళ్లీ వచ్చింది. సంఖ్యకు నేను అడ్డు చెప్పను. ఆ సంఖ్య మీద ఫైల్ ఎవరు తెరిచారు, ఏ రోజు, ఎందుకు అన్న చిట్టా కూడా మొదటి రోజు నుంచే రాయాలి. ఆ బిడ్డ ముప్పై ఏళ్లకు వచ్చి అడిగితే నల్ల గీతలు లేకుండా చేతిలో పెట్టాలి.